అమ్మ ముహూర్తాలు, నాన్న డైరీ

మా అమ్మ మీరాబీకి చదువు రాదు. అయినా ఆ ఏడాది మాఘమాసం దాకా మా ఇంటికి క్యాలెండరు ఆమే.

మా నాన్న జాన్ సైదాది సన్నాయి మేళం. తెనాలిలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ పెళ్లి కుదిరిందంటే పురోహితుడి తర్వాత కబురొచ్చేది మా ఇంటికే. పెళ్లివారు తాంబూలం పళ్లెంతో వచ్చి వసారాలో కూర్చుని, "ఫలానా రోజు మీకు వీలవుతుందాండీ?" అని అడిగితే నాన్న నోరు విప్పేవాడు కాదు. వంటింటి వైపు చూసేవాడు. గిన్నెలో గరిట తిప్పుతూనే అమ్మ లోపల్నుంచి చెప్పేది: "ఆ రోజు చేబ్రోలు వాళ్లకి మాటిచ్చాం. ఏమీ అనుకోకండి." లేదా, "ఖాళీయే. పుచ్చుకోండి." అప్పుడు నాన్న తాంబూలం అందుకునేవాడు. ఇరవై రెండేళ్లలో ఒక్క తేదీ కూడా తప్పిపోలేదు.

నాకప్పుడు పందొమ్మిదేళ్లు, బీకాం రెండో సంవత్సరం. ఇళ్లలోకి ఫోన్లు వస్తున్నాయి గానీ సెల్‌ఫోన్లు ఇంకా గొప్పవాళ్ల చొక్కా జేబుల్లోనే ఉన్నాయి. ఆ మాఘంలో తెనాలిలోనే ఒక పెళ్లికి వాయిస్తే, పెళ్లికూతురి మేనమామ సింగపూర్ నుంచి వచ్చినాయన, నాన్న వాయిద్యానికి మురిసిపోయి శాలువాతో పాటు తన జేబులోని వస్తువు తీసి చేతిలో పెట్టాడు. "డిజిటల్ డైరీ అండీ. మీ ముహూర్తాలన్నీ ఇందులో పెట్టుకోండి. టైముకి అదే పిలుస్తుంది."

నల్లగా, కళ్లజోడు పెట్టె అంత ఉంది. మూత తెరిస్తే పైన బూడిదరంగు తెర, కింద బియ్యపు గింజలంతేసి మీటలు. నాన్న దాన్ని రుమాల్లో చుట్టి ఇంటికి తెచ్చి నా ముందు పెట్టాడు.

"పర్వీన్, దీన్ని మన దారిలోకి తేవాలమ్మా."

దాంతోపాటు వచ్చిన పుస్తకంలో ఇంగ్లీషు సగం, చీనా అక్షరాలు సగం. ఇంగ్లీషు సగం ముందు పెట్టుకుని రెండు రోజులు కుస్తీ పట్టాను. మొదట తెర మీద అక్షరాలే కనపడలేదు. నాన్న దాన్ని ఎండలో పట్టి చూశాడు, తర్వాత చీకట్లో పట్టి చూశాడు. ముదురు రంగు పెంచే మీట దొరికాక అక్షరాలు బొగ్గుతో రాసినట్టు తేలాయి. గంటలు ఇరవై నాలుగు కాకుండా పన్నెండు చూపించేట్టు మార్చాను. మీట నొక్కినప్పుడల్లా అది కూసే కూత దగ్గర నాన్న చెవి అడ్డం తిరిగింది.

"అది పంచమం కాదమ్మా. పంచమానికి కాస్త కింద ఆగిపోతోంది. పంటి కింద రాయిలా ఉంది. శ్రుతి సరిచేసే వీలుందా?"

"శ్రుతి మారదు నాన్నా. ఉంచటమో, తీసెయ్యటమో."

"అయితే తీసెయ్."

తీసేశాను. అలారం కూత మాత్రం తీయడానికి వీల్లేదు. "సరేలే, రోజుకోసారి భరిస్తా," అన్నాడు.

మొదటి పరీక్ష నిడుబ్రోలు ప్రయాణం రోజున. సాయంత్రం ఐదింటికి పాసింజరు. నాలుగున్నరకి అలారం పెట్టాను. అన్నాలు తిని నడుం వాల్చామో లేదో, డైరీ కూసింది. తెర మీద నాలుగున్నర. గోడ గడియారంలో రెండు. "గడియారం ఆగిపోయినట్టుంది," అని నాన్న ఒక్క ఉదుటున లేచి జుబ్బా తొడుక్కున్నాడు. డోలు వాయించే ముత్తయ్య బాబాయిని వాళ్లింట్లోంచి పరుగున లాక్కొచ్చాడు. ఎర్రటి ఎండలో ఇద్దరూ సన్నాయి, డోలు పట్టుకుని స్టేషనుకి పరిగెత్తారు. స్టేషను గడియారం రెండుంబావు చూపిస్తుంటే అదీ ఆగిపోయిందేమోనని స్టేషను మాస్టారుని అడిగారట. ఆయన తన చేతి గడియారం కూడా చూపించాక గానీ నాన్న నమ్మలేదు. మూడు గంటలు ప్లాట్‌ఫారం మీదే. ముత్తయ్య బాబాయి డోలు మీద తల పెట్టుకుని నిద్రపోయాడు.

ఆ రాత్రి పుస్తకమంతా గాలించాను. డైరీకి 'సొంత ఊరు' అని ఒకటి ఉంటుంది. అది ఇంకా సింగపూర్ లోనే ఉంది. మనకన్నా రెండున్నర గంటలు ముందు. ఊళ్ల జాబితాలో తెనాలి ఎలాగూ లేదు కాబట్టి ఢిల్లీకి మార్చాను.

సంగతి విని ముత్తయ్య బాబాయి, "పెట్టె విమానం దిగింది గానీ దాని మనసు దిగలేదండి," అని వారం రోజులు ఊరంతా చెప్పుకుని నవ్వాడు.

డైరీ దారిలో పడ్డాక అసలు పని మిగిలింది. అమ్మ దగ్గరున్న తేదీలు అందులోకి ఎక్కించాలి. నాన్న నన్ను పెరట్లోకి పిలిచి గొంతు తగ్గించి అన్నాడు.

"మీ అమ్మ బాధపడుతుందేమో. నెమ్మదిగా అడుగు."

నేనూ అదే అనుకున్నాను. ఎలా అడగాలా అని రెండు రోజులు నాన్చాను. మూడో రోజు మధ్యాహ్నం అమ్మే వచ్చి చాప పరుచుకుని కూర్చుంది.

"తెచ్చుకోవే నీ పెట్టె. చెప్తా, ఎక్కించుకో."

కళ్లు మూసుకుని మొదలుపెట్టింది. అమ్మ లెక్కలో తారీకులుండవు, తిథులుంటాయి. తిథికో మనిషి ఉంటాడు. "చైత్ర బహుళ పంచమి, అమృతలూరు. పసుప్పచ్చ చొక్కా వేసుకొచ్చాడే, వాళ్ల చెల్లెలి పెళ్లి. లగ్నం పొద్దున తొమ్మిదింటికి. ఆ తర్వాత ఏడో రోజు దుగ్గిరాల. తాంబూలంలో అరటిపళ్లు మరీ పచ్చివి తెచ్చినాయన." నేను గోడ మీది క్యాలెండర్లో తిథి చూసి, డైరీలో నెలల బొమ్మ తెరిచి, బాణం మీటలతో ఆ రోజు మీదికి జరిగి ఊరి పేరు కొట్టేదాన్ని. ఎండ వసారాలోంచి గోడ మీదికి ఎక్కేదాకా చెబుతూనే ఉంది. ఇరవై తొమ్మిది పెళ్లిళ్లు.

"ఇంకా?"

"అయిపోయినయ్."

లేచి మొహం కడుక్కుని వచ్చి, కొంగుతో తుడుచుకుంటూ చాలాసేపు ఊరికే కూర్చుంది. నాకు భయమేసింది.

"ఏంటమ్మా?"

"ఏం లేదే. తల తేలిగ్గా ఉంది. ఇంట్లోంచి చుట్టాలందరూ ఒకేసారి వెళ్లిపోయినట్టుంది."

మర్నాడు పొద్దున్నే సంచి సర్దుకుంది. బాపట్లలో మా పెద్దమ్మ ఉంటుంది. అక్కడికి వెళ్తానంది. నాన్న సన్నాయి తుడుస్తున్నవాడల్లా చెయ్యి ఆపాడు.

"ఇప్పుడా? సీజన్లోనా?"

"సీజనంతా దాని పొట్టలో పోశాం కదండీ. ఇంక నేనెందుకు?" మాటలో నిష్ఠూరం లేదు. మొహం సెలవులిచ్చిన బడిపిల్ల మొహంలా ఉంది. "పెళ్లయిన దగ్గర్నుంచి వానాకాలంలో తప్ప మా అక్క ఇంటికి వెళ్లలేదు. సముద్రం ఎప్పుడు చూద్దామన్నా ముసురే. ఎండాకాలం సముద్రం ఎట్టా ఉంటదో చూసొస్తా."

అప్పుడు గానీ నాకు తట్టలేదు. మాఘం నుంచి జ్యేష్ఠం దాకా అమ్మ ఏనాడూ ఇల్లు కదల్లేదు. ఎవరు ఎప్పుడు తాంబూలం పట్టుకొస్తారో తెలియదు మరి. పది రోజులని చెప్పి బస్సెక్కింది.

ఆ పది రోజులు నెలయ్యాయి. పెద్దమ్మ ఇంటి పక్క ఎస్టీడీ బూతు నుంచి ఆదివారం ఆదివారం ఫోన్ చేసేది. ఇవ్వాళ సూర్యలంక వెళ్లామనీ, అలల్లో చెప్పు పోయిందనీ, రెండోది కూడా తనే విసిరేసిందనీ చెప్పేది. ఇంటి సంగతులు అడిగేది గానీ ముహూర్తాల ఊసెత్తేది కాదు. నాన్న అన్నం వండేవాడు, నేను కూర. మధ్యలో నా పరీక్షలు.

నేను ఒక పరీక్ష రాసి ఇంటికొచ్చిన మధ్యాహ్నం నాన్న గుమ్మంలోనే ఎదురొచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"ఇవ్వాళ నేనే స్వయంగా ఎక్కించానమ్మా. రేపల్లె నుంచి బసవేశ్వరరావు గారు వచ్చారు, వాళ్ల మాధురి పెళ్లి. చూడు."

చూశాను. రేపల్లె అని ఇంగ్లీషులో ఒక అక్షరం తక్కువగా కొట్టాడు. ఆ అక్షరం దిద్ది, "భలే నాన్నా," అన్నాను. నా తల నిండా మర్నాటి పరీక్షే. స్పెల్లింగు చూశాను గానీ తేదీ చూడలేదు.

ఏప్రిల్ చివర్లో బాపట్ల నుంచి సీతారామాంజనేయులు అనే రిటైర్డ్ మాస్టారు వచ్చారు. కొడుకు పెళ్లి జూన్ ఐదున, పొద్దున పదింటికి లగ్నం. నాన్న అలవాటుగా వంటింటి వైపు చూశాడు. అక్కడ కుక్కర్ తప్ప ఎవరూ లేరు. డైరీ తెరిచి నా చేతికిచ్చాడు. బాణం మీటలతో జూన్ ఐదు మీదికి వెళ్లాను. ఖాళీ.

"ఈ తారీకు ఎక్కడో విన్నట్టుందే," అన్నాడు నాన్న.

"ఇందులో ఏమీ లేదు నాన్నా."

"అయితే లేనట్టే." తాంబూలం అందుకున్నాడు.

మే ఆరో తారీకు పొద్దున ఆరింటికి డైరీ కూసింది. రేపల్లె. శ్రుతిపెట్టె చూసుకునే ఆయనకి జ్వరం, నాకు పరీక్షలయిపోయాయి, అందుకని శ్రుతిపెట్టె పట్టుకుని నేనూ బయల్దేరాను. నాన్న, ముత్తయ్య బాబాయి, నేను. రేపల్లె పాసింజర్లో ముత్తయ్య బాబాయి ఇద్దరు ప్రయాణికులకి సింగపూర్ కథ చెప్పి నవ్వించాడు.

రేపల్లెలో దిగాక నాన్న స్టేషను వెనక వీధి మీదుగా పోకుండా చుట్టూ తిప్పి తీసుకెళ్లాడు. ఆ వీధిలో నాసిర్ బాబాయి ఉంటాడు. నాన్నకి సొంత తమ్ముడు. తొమ్మిదేళ్ల కిందట ఇద్దరిదీ ఒకటే మేళం. ఒక పెళ్లిలో పైస్థాయిలో నాన్నకి ఊపిరి అందక ఆగితే, బాబాయి అక్కడ అందుకుని కీర్తన పూర్తి చేశాడు. పెళ్లివారు మొదటి శాలువా బాబాయికి కప్పారు. "నేనింకా బతికే ఉన్నాగా," అన్నాడు నాన్న. అంతే. అప్పట్నుంచి రెండు మేళాలు, రెండు ఊళ్లు.

పెళ్లింటి ముందు పందిరి లేదు. మామిడాకు లేదు. లోపల అరుగు మీద బసవేశ్వరరావు గారు బనీనుతో పీట మీద కూర్చుని ఉంటే, ఆయన భార్య కోటేశ్వరమ్మ గారు తలకి నూనె పెడుతోంది.

"రండి రండి సాయిబు గారూ! ఏంటి, ఇట్టా వచ్చారు?"

నాన్న అటూ ఇటూ చూశాడు. "పెళ్లికండి."

"ఎవరి పెళ్లండి?"

"మీ అమ్మాయిదేనండి."

కోటేశ్వరమ్మ గారి చెయ్యి భర్త నడినెత్తిన ఆగిపోయింది. "మాధురి పెళ్లా? ఇవ్వాళా? అది హైదరాబాదులో ఉంటేనండీ! చీరలకెళ్లింది."

"జూన్ ఐదు కదండీ మన పెళ్లి," అన్నారు బసవేశ్వరరావు గారు. చెవుల మీదికి నూనె కారుతుండగానే నవ్వు మొదలైంది. పొట్ట పట్టుకుని, దగ్గు తెరలోకి పోయి, మళ్లీ తేరుకుని నవ్వారు. "నెల ముందే వచ్చారు! అయినా పర్లేదు, వాయించేసి వెళ్లండి, పెళ్లికొడుకుని మేం తర్వాత తెప్పించుకుంటాం."

ముత్తయ్య బాబాయి డోలు దించి దాని మీదే కూలబడ్డాడు. కోటేశ్వరమ్మ గారు అందరికీ ఇడ్లీలు పెట్టింది. నేను మాత్రం ప్లేటు పక్కన పెట్టి డైరీ తెరిచాను. సెట్టింగుల్లోకి వెళ్లి ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చాను. తేదీ రాసే పద్ధతి దగ్గర ఆగాను.

మనం తారీకు ముందు రాసి నెల తర్వాత రాస్తాం. అది నెల ముందు, తారీకు తర్వాత చదువుతుంది. నేను ఎప్పుడూ నెలల బొమ్మ మీద బాణంతో జరిగి ఎక్కించాను కాబట్టి నాకు తేడా తెలియలేదు. నాన్న అంకెలు కొట్టాడు. ఐదు, ఆరు. జూన్ ఐదు అనుకుని ఆయన కొడితే, మే ఆరు అనుకుని అది రాసుకుంది. పద్ధతి మార్చాను. నా కళ్ల ముందే అంకెలు అటుదిటు, ఇటుదటు గెంతాయి.

"దొరికింది నాన్నా," అని చెప్పబోయి నాలుక కరుచుకున్నాను. నాన్న మొహం చూస్తే తెలిసింది, ఆయనకీ అదే గుర్తొచ్చింది. జూన్ ఐదు బాపట్ల మాస్టారికి ఇచ్చేశాం.

చెప్పక తప్పలేదు. బసవేశ్వరరావు గారి నవ్వు ఆగిపోయింది.

"సాయిబు గారూ, మా నాన్న పెళ్లికి మీ తాత వాయించాడు. నా పెళ్లికి మీ నాన్న. ఇప్పుడు నా కూతురి పెళ్లికి మీరు. శుభలేఖలో మీ పేరు కూడా వేయించానండి. రెండు చోట్లా పొద్దున పదింటికే లగ్నం అంటున్నారు. మరి నన్నేం చెయ్యమంటారు?"

నాన్న తల దించుకున్నాడు. అక్కడ మాస్టారికీ మాటిచ్చాడు. ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవడం మా మేళంలో ఎప్పుడూ లేదు. "గంటలో వస్తానండి," అని లేచి, వీధి మొగలో ఉన్న ఎస్టీడీ బూతుకి నడిచాడు. నేను వెనకే వెళ్లాను. బాపట్ల బూతు నంబరు తిప్పి, పెద్దమ్మ ఇంట్లోంచి అమ్మని పిలిపించాడు.

నాన్న జరిగినదంతా అమ్మకి చెప్పాడు. ఆమె నవ్వు ఆపుకుంటోందని నాకు రిసీవర్ బయటికే తెలిసింది.

"నా దగ్గర ఆ తారీకు లేదండీ. నేనొచ్చేశాక వచ్చినవాళ్లు వాళ్లు."

"అది తెలుసు మీరా. ఇప్పుడు ఏం చెయ్యాలో చెప్పు."

"మీరెక్కణ్ణించి మాట్లాడుతున్నారు?"

"రేపల్లె నుంచే."

"రేపల్లెలోనే ఉన్నారు కదా! మరి నన్నడుగుతారేంటండీ?" అని పెట్టేసింది.

నాన్న రిసీవరు పెట్టి బూతువాడికి డబ్బులిచ్చాడు. తర్వాత బూతు దిగి, పొద్దున చుట్టూ తిరిగి తప్పించుకున్న ఆ వీధిలోకే నడిచాడు.

నాసిర్ బాబాయి లుంగీతో అరుగు మీద కూర్చుని సన్నాయి తుడుచుకుంటున్నాడు. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. పిన్ని తలుపులోంచి తొంగిచూసి, లోపలికి పోయి రెండు కుర్చీలు తెచ్చి పక్కపక్కన వేసింది.

"కూర్చో అన్నా," అన్నాడు బాబాయి.

నాన్న కూర్చున్నాడు. ఏం చెప్పాలో వెతుక్కుంటూ జేబులోంచి డైరీ తీశాడు. మూత తెరిచి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"నీ నంబరు ఇందులో లేదు. చెప్పు."

బాబాయి ఆయన వంక చూశాడు. డైరీ వంక చూశాడు. ఒక్కో అంకె విడివిడిగా, బడిలో ఒప్పజెప్పినట్టు చెప్పాడు. నాన్న కొట్టుకున్నాడు. పేరు దగ్గర ఆగాడు.

"పేరు ఎట్టా కొట్టాలమ్మా?"

"ముందు ఎన్ను నాన్నా."

సన్నాయి రంధ్రాలు మూసే వేళ్లకి ఆ మీటలు ఏ మూలకి? వేలు వెతుక్కుంటూ వెళ్లి ఒక మీట మీద దిగింది. బాబాయి పక్క కుర్చీలోంచి వంగి చూశాడు.

"అది ఎమ్ము అన్నా. దాని పక్కది."

"తెలుసులేరా," అన్నాడు నాన్న, వేలు పక్కకి జరుపుతూ.

పిన్ని నిమ్మకాయ నీళ్లు తెచ్చేసరికి పేరు పూర్తయింది. నాన్న జూన్ ఐదు సంగతి మొదలుపెట్టబోతే బాబాయే అందుకున్నాడు.

"నేను చూసుకుంటాలే. పెళ్లిలేని పెళ్లింటికి మేళం వచ్చిందనీ, అసలు రోజున నీకు బాపట్ల ఉందనీ రైతుబజారు దాకా పాకింది."

"ఆయన ఒప్పుకోడురా. నా పేరు అచ్చేయించాడట."

"అయితే ముందురోజు సాయంత్రం ఎదురుకోలుకి ఇద్దరం కూర్చుందాం. తెల్లారి నువ్వు వ్యాను మాట్లాడుకుని బాపట్ల వెళ్లు, పెళ్లి నేను చేయిస్తా. నువ్వొచ్చినట్టూ ఉంటది, ఆయన మాటా ఉంటది."

నాన్న నిమ్మకాయ నీళ్లు తాగి గ్లాసు కింద పెట్టి, "పద," అన్నాడు. అన్నదమ్ములిద్దరూ కలిసి గుమ్మంలోకి రావడం చూసి బసవేశ్వరరావు గారు తువ్వాలు భుజాన వేసుకుని ఎదురొచ్చారు. సంగతి విన్నాక అక్కడే ఉన్న ఫోను అందుకున్నారు. "ఆగండి, మా వియ్యంకుడికి చెప్పాలి. వాళ్లు బ్యాండు మాట్లాడామని ఒకటే గొప్పలు పోతున్నారు. మాకు రెండు సన్నాయిలని చెప్తా."

రెండు రోజులకి అమ్మ ఇంటికొచ్చింది. ఎండకి నల్లబడి, సంచి నిండా ఎండుచేపలతో, కొత్త చెప్పులతో. నాన్న గడపలోనే నిలబడి జరిగినదంతా మళ్లీ చెప్పబోయాడు. "తెలుసు. మీ తమ్ముడు ఫోన్ చేశాడు," అంది. ఆ సాయంత్రం అన్నాలు తింటుండగా మామూలుగా, ఉప్పు అడిగినట్టు అడిగింది.

"జూన్ నాలుగున వ్యానులో నాకు చోటుంటదా?"

ముద్ద నాన్న చేతిలో ఉండిపోయింది. అన్ని వందల పెళ్లిళ్లకి తేదీ చెప్పిన మనిషి ఒక్క పెళ్లిలో కూడా నాన్న వాయించగా వినలేదని అప్పటిదాకా మా ఇద్దరికీ తట్టనే లేదు.

"ముందు సీటే నీది," అన్నాడు.

జూన్ నాలుగు సాయంత్రం రేపల్లెలో బసవేశ్వరరావు గారి వీధంతా నీళ్లు చల్లి ఉంది. అమ్మని కోటేశ్వరమ్మ గారు తన పక్కనే కుర్చీ వేసి కూర్చోబెట్టింది. మగపెళ్లివారు వీధి మొదట్లో దిగగానే అన్నదమ్ములు మొదలుపెట్టారు. నేను శ్రుతిపెట్టె దగ్గర ఉన్నాను కాబట్టి నాన్న మెడ మీది నరాలు నాకు కనబడుతూనే ఉన్నాయి. పైస్థాయికి వెళ్తున్నాడు. వెళ్లాడు. ఊపిరి తగ్గుతోంది. బాబాయి కూడా గమనించాడు గానీ అందుకోలేదు. సన్నాయి పెదవుల దగ్గరే పెట్టుకుని, కళ్లు దించుకుని ఆగాడు.

నాన్న తనే సన్నాయి కిందికి దించి, తమ్ముడి మోచేతిని తన మోచేత్తో పొడిచాడు. బాబాయి అందుకున్నాడు. ఆ స్వరం అలా పైకి లేస్తుంటే నాన్న జుబ్బా చేత్తో మొహం తుడుచుకుని, చంటిపిల్లాడి నడక చూస్తున్నవాడిలా నవ్వుతూ విన్నాడు. ముత్తయ్య బాబాయి డోలు మీద చెలరేగిపోయాడు. బ్యాండువాళ్లు వాయించడం మానేసి నిలబడి చూశారు.

తెల్లారుజామున వ్యానులో బాపట్ల బయల్దేరాం. సీతారామాంజనేయులు మాస్టారి ఇంటి పెళ్లి కల్యాణమండపంలో. పదింటికి లగ్నం. అమ్మ పెళ్లికూతురి వైపు ఆడవాళ్లలో, మూడో వరసలో కూర్చుంది. పెద్దమ్మ కూడా వచ్చింది. మాంగల్యం చేతికి తీసుకోగానే పురోహితుడు చెయ్యి ఎత్తాడు, నాన్న అందుకున్నాడు. అంతమంది ఒక్కసారి లేచి అక్షతలు వేస్తుంటే ఆ తలల మధ్యలోంచి అమ్మ కాలి వేళ్ల మీద నిలబడి నాన్ననే చూస్తోంది. అక్షతలు ఆమె పిడికిట్లోనే ఉండిపోయాయి. తర్వాత పెద్దమ్మ మోచేత్తో పొడిస్తే గబగబా విసిరింది. సగం ముందు వరస ఆవిడ కొప్పులో పడ్డాయి.

భోజనాలయ్యాక మండపం వెనక వేపచెట్టు నీడలో వ్యాను దగ్గర కూర్చున్నాం. నాన్న నోట్లో వక్కపొడి వేసుకుని, ఎటో చూస్తూ అడిగాడు.

"ఎట్టా ఉంది?"

అమ్మ తొందరపడలేదు.

"ఇంట్లో సాధన చేసేటప్పుడు గోడకి వాయిస్తారు మీరు. ఇక్కడ మనుషులకి వాయించారు." కొత్త చెప్పులు విప్పి పక్కన పెట్టి, "నాకు ఇన్నాళ్లూ ఏ రోజు, ఏ ఊరు అనేదే తెలుసు. ఇది తెలియదు," అంది.

నాన్న మెడ మీద చెయ్యి వేసి రుద్దుకున్నాడు. శాలువా కప్పినప్పుడు కూడా ఆయన అంత సిగ్గుపడటం నేను చూడలేదు.

ఆ జ్యేష్ఠం పోయేలోపు ఇంకా నాలుగు పెళ్లిళ్లున్నాయి. వాటిలో రెండింటికి బాబాయి కూడా వస్తానన్నాడు. తర్వాతది ఎప్పుడో చూద్దామని నాన్న జేబులోంచి డైరీ తీసి మూత తెరిచాడు. వేలు మీటల మీద తచ్చాడుతుంటే అమ్మ చెయ్యి చాపి తెరని అరచేత్తో కప్పింది.

"ఎక్కడో నాకు చెప్పొద్దు," అంది. "నన్ను వ్యానెక్కించండి. దిగాక చూసుకుంటా."